ప్రకృతి పద్దు: దాస్‌గుప్తా నివేదికపై ఒక విమర్శ

ఒక రైతుకు తండ్రి నాటిన నూరు మామిడి చెట్ల తోట సంక్రమించిందనుకుందాం. ఏటేటా కాయలు అమ్ముకొని సంసారం గడుపుకొంటున్నాడు. ఒక సంవత్సరం ఆయన పది చెట్లు కొట్టించి కలప అమ్మాడు. ఆ ఏడు ఇంటికి వచ్చిన రాబడి మునుపెన్నడూ రానంత. మరుసటి ఏడు ఇరవై చెట్లు పోయినవి. రాబడి ఇంకా పెరిగింది. పద్దు పుస్తకంలో జమ వైపు మాత్రమే చూసేవారికి ఆ కుటుంబం దినదినాభివృద్ధి చెందుతున్నట్లే కనిపిస్తుంది. తోటలోకి వెళ్లి చూసినవారికి మాత్రమే అసలు సంగతి తెలుస్తుంది. ఆ రైతు ఫలసాయం తినడం మానివేసి, ఆస్తిని తింటున్నాడు.

నేటి దేశాల ఆర్థిక పద్దులన్నీ ఈ రైతు పద్దు వంటివేనని నిరూపించడానికి పూనుకొన్న గ్రంథం ఒకటి ఉన్నది. దాని పేరు “జీవవైవిధ్య ఆర్థికశాస్త్రం: దాస్‌గుప్తా సమీక్ష”. 1942లో ఢాకాలో పుట్టి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చిరకాలం ఆచార్యులుగా పనిచేసిన పార్థా దాస్‌గుప్తా దీని కర్త. బ్రిటిష్ ప్రభుత్వపు ఆర్థికశాఖ 2019లో ఈ పనిని ఆయనకు అప్పగించింది. 2021 ఫిబ్రవరిలో నివేదిక వెలువడింది. అడవుల శాఖ కాదు, పర్యావరణ శాఖ కాదు, ఖజానా తాళంచెవులు చేతిలో ఉన్న శాఖ ఇట్టి గ్రంథాన్ని వ్రాయించడం గమనింపదగిన విషయం. దాదాపు ఆరువందల పుటల ఈ గ్రంథం ఏమి చెబుతున్నది, ఎంతవరకు మనకు పనికి వస్తుంది, ఎక్కడ మనలను తప్పుదోవ పట్టించే ప్రమాదం ఉన్నది అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గ్రంథసారం

ఆచార్య దాస్‌గుప్తా వాదం క్లిష్టమైనది కాదు. ఒక దేశపు సంపద మూడు విధాలు. మొదటిది మనిషి నిర్మించినది: రోడ్లు, యంత్రాలు, భవనాలు. రెండవది మనిషిలోనే ఉన్నది: చదువు, ఆరోగ్యం, పనితనం. మూడవది ప్రకృతి ఇచ్చినది: నేల, నీరు, అడవులు, సముద్రాలు, వాటిలోని సమస్త జీవరాశి. ఈ మూడవదానికే ఆయన ప్రకృతి మూలధనం అని పేరు పెట్టారు. మన పద్దులలో మొదటి రెండింటికి ఏదో ఒక లెక్క ఉన్నది. మూడవదానికి లేదు. స్థూల దేశీయోత్పత్తి అనే మాటలోని “స్థూల” అనే విశేషణమే ఈ లోపాన్ని బయటపెడుతున్నది. ఏడాదిలో ఎంత ఉత్పత్తి అయిందో అది చెబుతుంది. ఆ ఉత్పత్తి కోసం ఎంత ఆస్తి అరిగిపోయిందో చెప్పదు.

గ్రంథంలో ఉదాహరించిన అంకెలు చూడండి. 1992 నుంచి 2014 వరకు ప్రపంచంలో తలసరి నిర్మిత మూలధనం రెండింతలయింది. తలసరి మానవ మూలధనం నూటికి 13 వంతులు పెరిగింది. తలసరి ప్రకృతి మూలధనం మాత్రం నూటికి 40 వంతుల దాకా తరిగిపోయింది. మనం అభివృద్ధి అని పిలిచిన ఆ ఇరువది రెండేళ్ల కథ ఈ మూడు అంకెలలో ఇమిడి ఉన్నది. మన వాడుక ఇదే తీరులో సాగాలంటే 1.6 భూములు కావాలని మరొక లెక్క. ఉన్నది ఒక్కటే గనుక, మిగిలిన 0.6 భూమిని మనం అసలులోనుంచి తీసుకొని తింటున్నామన్న మాట.

జీవవైవిధ్యం ఎందుకు కావాలి అనే ప్రశ్నకు కూడా ఆయన ఆర్థికశాస్త్ర భాషలోనే సమాధానమిచ్చారు. ఉన్న సొమ్మంతా ఒకే వ్యాపారంలో పెట్టవద్దని పెద్దలు చెబుతారు. మెట్ట రైతు చేనంతా ఒకే పైరు వేయక, జొన్నలో కందిని, కందిలో అలసందను కలుపుతాడు. ఒకటి పోయినా మరొకటి నిలుస్తుంది. ప్రకృతిలో జాతుల వైవిధ్యం చేసే పని అదే. అది ఆడంబరం కాదు, అలంకారం కాదు. వానలు గతి తప్పిననాడు, తెగుళ్లు వచ్చిననాడు ఆదుకొనే బీమా.

ఇక ప్రభుత్వాల నడవడి సంగతి. ప్రకృతికి హాని చేసే పనులకు ప్రపంచ ప్రభుత్వాలు ఇస్తున్న రాయితీల విలువ సంవత్సరానికి 4 లక్షల కోట్ల నుంచి 6 లక్షల కోట్ల డాలర్ల వరకు ఉంటుందని ఈ గ్రంథం అంచనా. ప్రకృతి రక్షణకు ప్రభుత్వాలు, ప్రైవేటు సంస్థలు కలిసి వెచ్చిస్తున్నది 7,800 కోట్ల నుంచి 14,300 కోట్ల డాలర్లు మాత్రమే. తోటకు కాపలాదారుకు రూపాయి ఇచ్చి, చెట్లు కొట్టేవానికి ముప్పది రూపాయలకు పైగా ఇచ్చే యజమానిని ఏమనాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

రాబందు చెప్పిన సాక్ష్యం

ప్రకృతి మూలధనం పద్దులకు ఎందుకు ఎక్కదు? దీనికి ఆచార్య దాస్‌గుప్తా మూడు కారణాలు చెప్పారు. ప్రకృతి కదులుతూ ఉంటుంది. అది మౌనంగా ఉంటుంది. దానిలో చాలా భాగం కంటికి కనబడదు. గాలి, నీరు, పక్షులు, చేపలు ఒకరి హద్దులో నిలిచి ఉండవు. వానపాము తన శ్రమకు బిల్లు పంపదు. అందుచేత వీటికి బజారు లేదు. బజారు లేదు గనుక ధర లేదు. ధర లేదు గనుక విలువ లేదని మనం భ్రమపడుతున్నాం.

గ్రంథంలోకెల్ల మిక్కిలి బలమైన భాగం ఇదేనని నా అభిప్రాయం. దీనికి సాక్ష్యం గ్రంథం వెలువడిన తరువాత మన దేశం నుంచే వచ్చింది. ఒకప్పుడు మన పల్లెల శివార్లలో చచ్చిన పశువు కనబడితే గంటల్లో రాబందులు దిగేవి. 1990వ దశకంలో అవి మాయం కాసాగినవి. మూడు జాతుల రాబందులు నూటికి 95కు పైగా నశించినవి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫినాక్ అనే మందే దీనికి కారణమని 2004లో తేలింది. ఆ మందు పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి చనిపోతుంది. పశువైద్యంలో ఆ మందును మన ప్రభుత్వం 2006లో నిషేధించింది.

రాబందులు పోతే మనిషికి నష్టమేమిటని ఆనాడు అడిగినవారు లేకపోలేదు. దానికి లెక్క 2024లో వచ్చింది. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాబందులు విరివిగా ఉండిన జిల్లాలలోను, లేని జిల్లాలలోను మరణాల సంఖ్యలను పోల్చి చూశారు. 2000 నుంచి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనంగా మరణించారని, ఆ నష్టం ఏటా సుమారు 7,000 కోట్ల డాలర్లని అంచనా కట్టారు. తినే రాబందులు లేక కళేబరాలు కుళ్లినవి, ఊరకుక్కలు పెరిగినవి, పిచ్చికుక్క కాటుకు, కలుషితమైన నీటికి మనుషులు బలి అయ్యారు. పారిశుద్ధ్య శాఖ జీతం లేకుండా చేయించుకొన్న పని అది. జీతం లేదు గనుక ఆ ఉద్యోగి పోయిన సంగతే ఏ పద్దులోను నమోదు కాలేదు.

ఇంతవరకు ఆచార్యుని వాదం అఖండనీయం. కాని లెక్క కట్టడం వేరు, ఆ లెక్కను ఆధారం చేసుకొని నిర్ణయాలు చేయడం వేరు. నా సందేహాలు ఇక్కడే మొదలవుతున్నవి.

తిమింగిలం చిక్కు

మొదటి సందేహం వడ్డీని గురించి. కాలిన్ క్లార్క్ అనే కెనడా గణితవేత్త 1973లో ఒక విచిత్రమైన లెక్క చేశారు. దానిని సులభమైన అంకెలతో చెబుతాను. ఒక సముద్రంలో 100 తిమింగిలాలు ఉన్నవనుకుందాం. అవి ఏటా 3 చొప్పున పెరుగుతున్నవి. ఆ మూడింటినే వేటాడితే మంద ఎన్నటికీ తరగదు; యజమానికి కలకాలం రాబడి ఉంటుంది. మంచిదే. కాని బ్యాంకులో నూటికి 8 వడ్డీ వస్తున్నదనుకోండి. నూరింటిని ఒక్కసారే చంపి సొమ్ము బ్యాంకులో వేస్తే ఏటా 8 తిమింగిలాల ఖరీదు వడ్డీగా వస్తుంది. లాభమే పరమార్థమైతే ఆ యజమాని ఏమి చేస్తాడు? వేటకయ్యే ఖర్చు మరీ ఎక్కువైతే తప్ప, చివరి తిమింగిలాన్ని కూడా వదలడు. అతడు మూర్ఖుడు కాదు; లెక్క బాగా వచ్చినవాడు.

కనుక ప్రకృతిని ఆస్తి అని పిలిచినంత మాత్రాన దానికి రక్షణ లభించదు. ఆస్తిని అమ్ముకోవచ్చు. నెమ్మదిగా పెరిగే ఆస్తిని అమ్మి, వేగంగా పెరిగే ఆస్తిని కొనుక్కోమనడమే పెట్టుబడిశాస్త్రపు మొదటి పాఠం. నెమ్మదిగా పెరిగేవే ఈనాడు అపాయంలో ఉన్నవి: ఏనుగు, తిమింగిలం, నూరేళ్ల వృక్షం. నీలి తిమింగిలం నేటికీ బ్రతికి ఉన్నదంటే అది వడ్డీ లెక్క పుణ్యం కాదు. 1966లో దాని వేటను అంతర్జాతీయ సంఘం నిషేధించింది. 1982లో వాణిజ్యపు వేటనంతటినీ ఆపుతూ తీర్మానించి, 1986 నాటికి అమలులోకి తెచ్చింది. దానిని కాపాడినది ధర కాదు, కట్టడి.

ఈ చిక్కు ఆచార్య దాస్‌గుప్తాకు తెలియనిది కాదు. ప్రకృతికి బదులు మరొకటి లేదని, ఒక హద్దు దాటితే తిరిగి రాదని, కొన్ని సందర్భాలలో ధరలకన్నా పరిమాణంపై ఆంక్షలే మేలని ఆయన స్పష్టంగా వ్రాశారు. అయితే గ్రంథమంతటా పరచుకొని ఉన్న భాష ఆస్తులది, రాబడులది, పెట్టుబడులది. ఆంక్షల మాట కొన్ని పుటలలో ఉన్నది. ఆస్తి మాట ప్రతి పుటలోను ఉన్నది. ఏ ఆర్థికశాఖ అధికారుల కోసం ఇది వ్రాయబడిందో, వారు దేనిని గుర్తుంచుకొంటారో ఊహించడం కష్టం కాదు.

విలువ, సుంకం

ఈ భయం కేవలం ఊహ కాదు. అటవీ భూమిని గనులకో, ఆనకట్టలకో ఇచ్చేటప్పుడు “నికర ప్రస్తుత విలువ” అనే పేరుతో సొమ్ము కట్టే పద్ధతి మన దేశంలో ఉన్నది. సుప్రీంకోర్టు 2008లో ఆమోదించిన రేట్ల ప్రకారం అది అడవి తరగతిని బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు ఉండేది. అభయారణ్యమైతే అయిదు రెట్లు, జాతీయ ఉద్యానమైతే పది రెట్లు. తరువాత ఈ రేట్లు పెరిగినవి.

ఉద్దేశం ఉత్తమమైనది. అంతకు ముందు అడవి ఉచితంగా పోయేది. ఇప్పుడు దానికొక విలువ కట్టబడింది. కాని ఆచరణలో ఏమవుతున్నదో గమనించాలి. విలువ చెప్పడంలోని భావం “ఇది పోతే ఇంత నష్టం, కనుక ముట్టుకోవద్దు” అని. పెద్ద పరిశ్రమ దానిని “ఇంత కడితే తీసుకోవచ్చు” అని చదువుకొంటుంది. రేవు దగ్గర సుంకం కట్టి పడవ దాటినట్లు, సొమ్ము కట్టి అడవిని దాటిపోవచ్చును. ఆ సొమ్ముతో మరెక్కడో మొక్కలు నాటుతారు. నల్లమలలో పోయిన అడవికి బదులు మరొక జిల్లాలో వరుసలుగా నాటిన మొక్కలు పద్దులో సరిపోవచ్చు; అడవిలో తిరిగిన పులికి, తేనె తీసుకొన్న చెంచుకు సరిపోవు. దాస్‌గుప్తా గ్రంథం వంటివి వ్రాసేవారు విలువకు, సుంకానికి మధ్యనున్న ఈ గోడను ఇంకా ఎత్తుగా కట్టవలసి ఉన్నది.

కొల్లేటి ప్రశ్న

నా మూడవ సందేహం అన్నిటికంటే పెద్దది. పద్దులో మొత్తం చివర వచ్చే అంకె ఒక్కటే. లాభం ఎవరిది, నష్టం ఎవరిది అనేది ఆ అంకెలో కనబడదు. దీనిని తెలుసుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. కొల్లేరు చాలును.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి పోతుంది. వరద వచ్చినప్పుడు నీటిని తన కడుపులో దాచుకొని, మెల్లగా వదలడం కొల్లేరు చేసే ఉపకారం. చేపలను, పక్షులను పోషించడం మరొక ఉపకారం. ఆటపాక వద్ద గూడబాతుల గుంపులను చూచినవారు దానిని మరచిపోలేరు. 1970వ దశకంలో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలకు ఇక్కడ చేపల చెరువులు ఏర్పరచింది. పేదలకు బ్రతుకుతెరువు చూపాలన్నదే ఆనాటి ఆలోచన. కాలక్రమాన ఆ చెరువులలో అనేకం కౌలు పేరుతో పెట్టుబడి గలవారి చేతికి పోయినవి. కొత్త గట్లు ఎన్నో లేచినవి. కొల్లేటి చేప లారీలకెక్కి దూర రాష్ట్రాలకు పోయింది. ఉత్పత్తి పద్దులో ఇదంతా జమయే.

1999లో 5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు నియమించిన సంఘం ఆదేశాలపై అభయారణ్యంలోని చెరువుల గట్లను పగులగొట్టారు. 2008లో అభయారణ్యాన్ని 3 అడుగుల కాంటూరుకు కుదించాలని రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన నిపుణుల సంఘం కుదింపు వద్దన్నది. ఈలోగా కొన్నిచోట్ల గట్లు మళ్లీ లేచినవి.

ఇప్పుడు దాస్‌గుప్తా పద్దును ఇక్కడ పరచి చూద్దాం. చెరువుల లాభం ఒక పక్క, వరద నష్టం, పోయిన నాటు చేపలు, పోయిన పక్షులు మరొక పక్క వేసి కూడితే ఏదో ఒక అంకె వస్తుంది. కాని చెరువు కౌలు అందుకొన్నవాడు పట్నంలో మేడలో ఉన్నాడు. గట్లవల్ల నీరు ఎగదట్టి మునిగిన ఇల్లు లంకవాసిది. ఒకరి లాభంలోనుంచి మరొకరి నష్టాన్ని తీసివేయడానికి పద్దుకు అధికారం ఎవరిచ్చారు?

తిరిగి చూస్తే రక్షణ విషయంలోనూ ఇదే ప్రశ్న. గట్లు పగిలిననాడు పెద్ద పెట్టుబడిదారు మరొక వ్యాపారం చూసుకొన్నాడు. సహకార సంఘంలో చిన్న వాటా ఉన్న మత్స్యకారుడు, గట్టు మీద కాపలా కూలి చేసుకొనేవాడు ఆ రోజునుంచే పస్తున్నారు. గూడబాతును చూడడానికి వచ్చే మనం ఆనందిస్తాం. దిగువనున్న ఊళ్లకు, ఎగువనున్న ఊళ్లకు వరద భయం తగ్గుతుంది. దానికి మూల్యం చెల్లించినవాడు మాత్రం లంకలోని నిరుపేద. అతనికి న్యాయం జరగనంతవరకు ఏ అభయారణ్యపు హద్దురాయి నిలవదు. కొల్లేటి గట్లు మళ్లీ లేవడానికి పెట్టుబడిదారుల దురాశ ఎంత కారణమో, ఈ తీరని బాకీ కూడా అంత కారణం.

ఉమ్మడి వనరులపై ఆధారపడిన గ్రామీణులను గురించి ఆచార్య దాస్‌గుప్తా ఏనాటినుంచో వ్రాస్తున్నారు. ఈ గ్రంథంలోను ఆ విషయంపై చక్కని భాగాలున్నవి. ఉష్ణమండలపు అడవులను కాపాడుతున్న దేశాలకు లోకమంతా కలిసి సొమ్ము చెల్లించాలని ఆయన సూచన. న్యాయమైనదే. కాని దేశానికి చేరిన సొమ్ము లంకకు చేరే దారి ఏది? గ్రంథంలో నేను వెదకి పూర్తిగా తృప్తి పొందని ప్రశ్న ఇది.

తీర్పు

లోపాలు ఎన్నినంత మాత్రాన గ్రంథం విలువ తగ్గదు. 1997లో రాబర్ట్ కోస్టాంజా బృందం ప్రకృతి ఏటా చేసే సేవల ఖరీదు సుమారు 33 లక్షల కోట్ల డాలర్లని అంచనా కట్టినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. భూగోళం లేకుండా బ్రతికి ఆ డబ్బు ఖర్చు పెట్టేదెవరని విమర్శకులు అడిగారు కూడా. ఆచార్య దాస్‌గుప్తా ఆ పొరపాటు చేయలేదు. మొత్తం ప్రకృతికి ధర కట్టడం అర్థంలేని పని అని గ్రహించి, అసలు పెరుగుతున్నదా తరుగుతున్నదా అనే ప్రశ్నకు పరిమితమయ్యారు. అదే సరియైన ప్రశ్న.

కనుక నా అభిప్రాయం ఇది. ఈ పద్దును దీపంగా వాడుకోవాలి, తక్కెడగా వాడుకోరాదు. రాబందు పోతే ఏమి పోతుందో చూపడానికి దీపం కావాలి. కాని కొల్లేరు ఉండాలా వద్దా అని తూచడానికి కూర్చుంటే, వడ్డీ రేటు మారిననాడు తీర్పు మారుతుంది. ముందు హద్దు గీయాలి. హద్దు లోపల నష్టపోయేవానికి పరిహారం ఇవ్వాలి. ఆ తరువాతనే లాభనష్టాల లెక్క వేయాలి. ఈ వరుస తప్పితే లెక్క ఎంత శాస్త్రీయమైనా ఫలితం ఉండదు.

ఆరువందల పుటలు, నడుమ నడుమ బీజగణితం ఉన్న ఈ గ్రంథం సామాన్య పాఠకునికి కొరుకుడు పడదు. దీనికి సంగ్రహ ప్రతి ఒకటి ఉన్నది. కళాశాల విద్యార్థులు దానితో ప్రారంభించవచ్చు. అర్థశాస్త్రం చదివేవారు జీవశాస్త్రాన్ని, జీవశాస్త్రం చదివేవారు అర్థశాస్త్రాన్ని కొంతైనా తెలుసుకోవలసిన అవసరాన్ని ఇంత బలంగా చెప్పిన పుస్తకాలు అరుదు. దీని సారం సులభమైన తెలుగులో, మన చెరువులు, మన అడవులు ఉదాహరణలుగా వెలువడితే ఎంతో మేలు.

గ్రంథం చివర ఆచార్యులు చేసిన సూచనలలో ఒకటి ఆర్థికవేత్త నోట వినడం అరుదు. ప్రకృతిని పరిశీలించడం పిల్లలకు చిన్ననాటినుంచే నేర్పాలని ఆయన అంటారు. ప్రకృతి మౌనంగా ఉన్నది, కనబడకుండా కదులుతున్నది గనుక దానికి చేసిన హాని అంతా పట్టుకోగల చట్టం ఉండదు. మనిషి తనకు తానే కాపలా ఉండాలి. కొల్లేటికి వచ్చిన పక్షి పేరు చెప్పగల పిల్లవాడు రేపు పద్దు వ్రాసే అధికారి అయితే, పద్దులో ఏ గడి ఖాళీగా ఉన్నదో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.